చెడుగుడు ఆటగాడికి కండ ఒక్కటే చాలదు

"డాక్టరుగారూ, మావాడు చెడుగుడు ఆడతాడు. ఒళ్లు చేయడానికి ఏదైనా టానిక్కు రాయండి" అని ఒక తల్లి అడుగుతుంది. "మావాడు పోటీకి నాలుగు కిలోలు ఎక్కువున్నాడటండీ, తగ్గడానికి మాత్రలేమైనా ఉన్నాయా?" అని ఇంకొక తండ్రి అడుగుతాడు. మంగళగిరి ప్రాంతంలో ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే వైద్యుడికి ఈ రెండు ప్రశ్నలూ కొత్త కావు. సంక్రాంతి పోటీలు దగ్గరపడేకొద్దీ ఎక్కువవుతాయి కూడా. రెండు ప్రశ్నలలోనూ ఉన్న పొరపాటు ఒక్కటే. ఆటగాడి సత్తా అంతా కాటా మీద కనబడే అంకెలో ఉందనుకోవడం!

ప్రొ కబడ్డీ పోటీలు 2014లో మొదలయ్యాక, టీవీలో తెలుగు టైటాన్స్ ఆట చూసి మన కుర్రవాళ్లకు చెడుగుడు మీద మోజు పెరిగింది. సంతోషించవలసిన విషయమే. అయితే ఈ ఆటకు శరీరాన్ని ఎలా సిద్ధం చేయాలో తల్లిదండ్రులు కూడా కొంత తెలుసుకోవాలి.

బలం, వేగం, ఒడుపు

పురుషుల ఆటలో బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. జట్టుకు ఏడుగురు. కూతకు 30 సెకన్లు గడువు. ఆ అర నిమిషంలో కూతకు వెళ్లినవాడు ముందుకు దూకాలి, చటుక్కున ఆగాలి, పక్కకు తిరగాలి, నలుగురు మీదపడితే వాళ్లను ఈడ్చుకుంటూ మధ్యగీతను అందుకోవాలి. దూకడానికి వేగం, తిరగడానికి ఒడుపు, ఈడ్చడానికి బలం కావాలి. ఏ ఒక్కటి లోపించినా పట్టుబడతాడు.

ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశాలలో రగ్బీ లీగ్ అనే ఆట ఉంది. జట్టుకు 13 మంది చొప్పున 80 నిమిషాలు ఆడతారు. బంతి పట్టుకున్నవాడు దూసుకుపోవాలి, ఎదుటివాళ్లు వాణ్ణి పట్టి పడగొట్టాలి. మన చెడుగుడుకు దూరపు చుట్టంలాంటిదే. అక్కడి శిక్షకులకూ ఇదే చిక్కు: ఒళ్లు పెంచితే వేగం తగ్గుతుంది, వేగం కోసం ఒళ్లు తగ్గిస్తే ఢీకొన్నప్పుడు నిలబడలేరు.

బియ్యం బస్తా ఎత్తే హమాలీకి బలం ఉంది. కాని ఆ బలం నెమ్మదిగా పనిచేస్తుంది. పిట్ట మీద లంఘించే పిల్లికి బలం తక్కువే అయినా, ఉన్నదంతా రెప్పపాటులో బయటికి వస్తుంది. చెడుగుడుకు కావలసింది ఈ రెండింటి కలయిక. ఉన్న బలాన్ని ఎంత త్వరగా ప్రయోగించగలడన్నదే ఆటగాడి అసలు శక్తి. కొవ్వుతో పెరిగిన బరువు మోయవలసిన భారమే గాని, ఆటలో అక్కరకు రాదు.

కండరానికి ఇంధనం ఎక్కడిది?

కండరంలో సిద్ధంగా ఉండే ఇంధనం గట్టి ప్రయత్నానికి సుమారు 10 సెకన్లు వస్తుంది. తరువాత కండరం తనలోని గ్లూకోజును ప్రాణవాయువు అవసరం లేని పద్ధతిలో వాడుకుంటుంది. కూత చివర కాళ్లు బరువెక్కినట్టు అనిపించేది అందుకే. ఖర్చయిన ఇంధనాన్ని మళ్లీ నింపేది మాత్రం మనం పీల్చే ప్రాణవాయువే.

కనుక రోజూ ఐదారు కిలోమీటర్లు నెమ్మదిగా పరుగెత్తితే కూతకూ కూతకూ మధ్య త్వరగా తేరుకుంటారు గాని, కూతలో వేగం రాదు. వేగం కావాలంటే వేగంగానే సాధన చేయాలి. 15, 20 మీటర్ల దూరం పూర్తి వేగంతో పరుగెత్తి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ పరుగెత్తాలి. ఆరేడు సార్లు చాలు. విశ్రాంతి లేకుండా చేస్తే అది అలసటకు సాధన అవుతుంది గాని వేగానికి కాదు.

వరుస కూడా ముఖ్యమే. ముందు ఒళ్లు వేడెక్కించుకోవాలి. శరీరం తాజాగా ఉన్నప్పుడే వేగం, ఒడుపు, తరువాత బలం, చివర దమ్ము. బస్కీలు, దండీలు, బరువులెత్తడం వారానికి రెండు మూడు రోజులు చాలు. ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. నిద్ర ఎనిమిది గంటలకు తగ్గకూడదు.

బరువులెత్తితే పిల్లలు పొడుగు ఎదగరనే భయం చాలామందిలో ఉంది. తెలిసినవారి పర్యవేక్షణలో, తేలికపాటి బరువులతో సరైన పద్ధతిలో చేస్తే ఎదుగుదలకు ఆటంకం ఉండదు. పందెం కట్టి మోయలేని బరువులెత్తడమే ప్రమాదం.

పోషణ ఇంట్లోనే ఉంది

కష్టపడి సాధన చేసే 60 కిలోల యువకుడికి రోజుకు సుమారు 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మూడు కోడిగుడ్లలో 18, అర లీటరు పాలు లేక పెరుగులో 16, అరవై గ్రాముల కందిపప్పులో 13 లేక 14, గుప్పెడు వేరుశనగ గింజల్లో 10, మూడు పూటలా తినే అన్నంలో 25 గ్రాములకు పైగా వస్తాయి. ఇంకేం కావాలి? చేపలు తినేవారికి ఇంకా సులువు. గుడ్డు తిననివారు శనగలు, పెసలు, పెరుగు పెంచుకోవచ్చు. వేలు పోసి డబ్బాలు కొనవలసిన పనిలేదు.

ఆడపిల్లల విషయంలో రక్తహీనత మీద ఒక కన్నేసి ఉంచాలి. ఆయాసం, నీరసం ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. సాధన పెరిగాక నెలసరి ఆగిపోతే, తిండి చాలడం లేదని అర్థం. దాన్ని అశ్రద్ధ చేస్తే ఎముకలు బలహీనపడతాయి.

బరువు తూకం - ప్రాణంతో చెలగాటం

ఈ ఆటలో బరువుకు పరిమితి ఉంది. అంతర్జాతీయ పోటీలలో పురుషులకు 85 కిలోలు, స్త్రీలకు 75 కిలోలు. చిన్నవాళ్ల పోటీలలో ఇంకా తక్కువ. తూకం నాటికి బరువు దించడానికి కొందరు కుర్రవాళ్లు రెండు రోజులు మంచినీళ్లు ముట్టరు. ఎండలో రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తుతారు. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు మందుల షాపులో అడిగి మింగుతారు.

ఇది ఆరోగ్యానికే కాదు, ఆటకూ చేటు. 60 కిలోల మనిషి ఒంట్లోంచి ఒక లీటరూ పావు నీరు పోతే చాలు, దమ్ము తగ్గడం మొదలవుతుంది. ఇంకా పోతే రక్తం చిక్కబడుతుంది. మాత్రల వల్ల పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. అమెరికాలో 1997 నవంబరు, డిసెంబరు నెలలలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు ఇలా బరువు దించుకునే ప్రయత్నంలోనే చనిపోయారు. ఆ తరువాత అక్కడ తూకం నిబంధనలు మార్చారు.

తగ్గక తప్పదనుకున్న పెద్దవాళ్లు రెండు నెలల ముందు నుంచీ వారానికి అరకిలో మించకుండా తగ్గాలి. వేపుళ్లు, స్వీట్లు, కూల్‌డ్రింకులు మానితే అది సాధ్యమే. ఎదిగే వయసు పిల్లవాడు పరిమితి దాటితే వాణ్ణి ఎండబెట్టకండి, పై విభాగంలో ఆడించండి.

ఎండలో సాధన చేసేవాళ్లకు మన పానకాల స్వామి ప్రసాదమే మంచి పానీయం. బెల్లం పానకం పలచగా కలిపి, చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పు వేసిన మజ్జిగ కూడా మంచిదే. మూత్రం లేత పసుపులో ఉంటే ఒంట్లో నీరు సరిపోయినట్లు. వేసవిలో సాధన పొద్దున్నే, లేదా పొద్దు వాలాక. మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతూ పడిపోతే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ, విసురుతూ 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి.

సూదిమందుల సంగతి

నెల రోజుల్లో కండలు తెప్పిస్తామని కొందరు స్టెరాయిడ్ సూదులు అంటగడతారు. వాటితో వృషణాలు కుంచించుకుపోతాయి, సంతానం కలగకపోవచ్చు, కాలేయం, గుండె దెబ్బతింటాయి. ఎదిగే పిల్లల్లో ఎముకల కొనలు ముందే మూసుకుపోయి పొడుగు ఆగిపోతుంది. ఇలాంటి మందులపై మన దేశంలో 2022లో ప్రత్యేక చట్టం వచ్చింది. పట్టుబడితే ఏళ్ల తరబడి ఆటకు దూరం కావలసిందే. స్టెరాయిడ్లే కాదు, పైన చెప్పిన మూత్రం మాత్రలూ నిషిద్ధమే.

మోకాలు, తల

కూతకు వెళ్లినవాడి చీలమండ ఒకరు పట్టుకుని, నడుము ఇంకొకరు తిప్పితే, మధ్యలో నలిగేది మోకాలు. 'టప్' మని శబ్దం వచ్చి, కొద్ది గంటల్లో మోకాలు వాచితే లోపలి స్నాయువు తెగిందని అనుమానించాలి. దాన్ని తోమించకండి, పసరు కట్టు వేయించకండి. ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచి, ఎముకల డాక్టరుకు చూపించండి. మంగళగిరిలోనే ఎయిమ్స్ ఉంది. నొప్పి తగ్గిందని బరిలోకి దిగితే మోకాలిలోని మృదులాస్థి కూడా అరిగిపోతుంది. ఒంటికాలి మీద నిలబడడం, మోకాళ్లు లోపలికి వంగకుండా దూకి దిగడం వారానికి రెండు మూడుసార్లు సాధన చేస్తే ఈ గాయాలు బాగా తగ్గుతాయి.

తలకు దెబ్బ తగిలి కాసేపు తికమకపడినా, వాంతి వచ్చినా, కళ్లు బైర్లు కమ్మినా, ఆ రోజు ఇక ఆట లేదు. "తేరుకున్నాడుగా" అని మళ్లీ దింపకూడదు. రెండో దెబ్బ ప్రాణాంతకం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి. ఆ రాత్రి పక్కన ఒకరుండి కనిపెట్టాలి.

ఇంట్లో ఆటగాడు ఉన్న తల్లిదండ్రులు ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రతి ఆదివారం ఉదయం బరువు, ఆ వారం నిద్ర, 20 మీటర్ల పరుగుకు పట్టిన సమయం, ఎక్కడైనా నొప్పి ఉంటే అది రాయించండి. బరువు పెరిగి పరుగు కూడా వేగంగా ఉంటే పెరిగింది కండే. బరువు పెరిగి పరుగు మందగిస్తే తిండినీ సాధననూ సరిచూసుకోవాలి. బరువు హఠాత్తుగా పడిపోతే కారణం అడగండి, అవసరమైతే డాక్టరు దగ్గరకు తీసుకురండి. వచ్చేటప్పుడు ఆ పుస్తకం కూడా వెంట తెండి.