గడప దాటు బిడ్డకు కాగితమే సాక్షి



గుంటూరు మిరప యార్డులో బస్తా వెంట తూకపు చీటీ యుండును. శరణాలయమున పెరిగిన బిడ్డ పదునెనిమిదేండ్లు నిండి గడప దాటునప్పుడు వాని వెంట నేమి యుండవలెను?

నేను బడిపంతులుగా నుండగా నొక శిష్యుని పేరు, పుట్టిన తేది బడి రిజిస్టరులో నొక తీరు, శరణాలయపు పుస్తకములో వేరొక తీరు నుండెను. దిద్దించులోపల చేతికందిన యుద్యోగము జారిపోయినది. తలిదండ్రులున్నచో సాక్ష్యము పలికెడివారు; వానికి కాగితమే సాక్షి.

ఇట్టివారికి ఇరువదియొక యేండ్లు నిండువరకు అనంతర సంరక్షణము నొసగుటను 2015 నాటి బాలన్యాయ చట్టము పేర్కొన్నది. ప్రతి బిడ్డకును సంరక్షణ ప్రణాళిక యుండవలెననియు విధించినది. ఈ వివరములు చెదరక యొక్కచోట చేరుటకే మిషన్ వాత్సల్య పోర్టలు. 2022లో గుంటూరు జిల్లా విడి పల్నాడు, బాపట్ల జిల్లా లేర్పడినవి. పుట్టిన దొక జిల్లా, పెరిగిన దొక జిల్లా యైన బిడ్డకు ఉమ్మడి లెక్క మరింత యవసరము.

అయినను బిడ్డ గతము రచ్చబండ ముచ్చట కారాదు. చూడవలసిన యధికారులే చూడవలెను.

పెద్దలారా! మీ యూరి బిడ్డ శరణాలయమున నున్నచో, పదునేడవ యేటనే, వాని సమ్మతితో, జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు తోడుపొండు. బడి పత్రము, ఆధారు, బ్యాంకు పుస్తకము మూటియందును పేరు, తేది యొక్కటిగా నున్నవో లేదో చూపించి దిద్దింపుడు. స్వస్తి.