నాన్నకు చెప్పాలా, వద్దా?

అరవై దాటిన మనిషి నడుము నొప్పంటే ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడరు. కాపడం పెడతారు, నూనె రాస్తారు, ఎముకలు అరిగాయనుకుంటారు. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నా, ధార సరిగా రాకున్నా ఆ సంగతి కోడలి ముందు ఎలా చెప్పాలని పెద్దాయన ఊరుకుంటారు. చివరికి అది ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలేసరికి కొందరిలో జబ్బు ఎముకలకు పాకి ఉంటుంది.

పెద్ద వైద్యం అందుబాటులో ఉన్నవాళ్లకూ ఇలా జరుగుతుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు 2025 మేలో, 82 ఏళ్ల వయసులో బయటపడేనాటికే ఈ క్యాన్సర్ ఎముకలకు చేరింది. ఆయన విషయంలోనూ డాక్టర్లు పరీక్షలకు దిగింది మూత్ర సమస్య వల్లే.

మన ఇళ్లలో స్కాన్ రిపోర్టు ముందు చేరేది కొడుకు చేతికో, కూతురి ఫోన్‌కో. డాక్టర్‌ను గది గుమ్మం దగ్గరే ఆపి, ‘నాన్నకు చెప్పకండి సార్, తట్టుకోలేరు’ అంటారు. అది ప్రేమే. అయితే చికిత్స మొదలుపెట్టగానే ఆ దాపరికం నిలవదు.

ప్రోస్టేట్ అంటే మూత్రాశయం కింద ఉండే ఉసిరికాయంత గ్రంథి. దానికి వచ్చే క్యాన్సర్ టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్‌తో పెరుగుతుంది. ఆ హార్మోన్‌ను ఆపితే జబ్బు వెనక్కి తగ్గుతుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించారు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. ముదిరిన జబ్బుకు నేటికీ ఆధారం ఆ చికిత్సే. వృషణాలను తీసేసే చిన్న ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చు తక్కువ. లేదంటే నెలకో, మూడు నెలలకో ఇంజెక్షన్ వేయించుకుంటూ ఉండాలి. ఈ రెంటిలో ఏది కావాలో తేల్చుకోవాల్సింది ఆ మనిషే. ఎందుకో చెప్పకుండా ఆయనచేత సంతకం ఎలా పెట్టిస్తారు?

హార్మోన్ తగ్గాక ఒంట్లో మార్పులొస్తాయి. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు కమ్మి చెమటలు పడతాయి. కండ తగ్గి పొట్ట పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి. ఎన్నడూ కన్నీరు పెట్టని మనిషి చిన్న మాటకే కళ్లు తుడుచుకోవచ్చు. ‘నాన్న చాదస్తం’ అనుకునే ముందు ఇది మందు ప్రభావమేమో చూడాలి. రోజూ కాసేపు నడిపించడం, చేతనైనంత వ్యాయామం చేయించడం నిజంగా మేలు చేస్తాయి. ఆ హార్మోన్‌ను ఇంకా తగ్గించే అబిరాటెరాన్ మాత్ర రాస్తే పరగడుపున వేయాలి. అన్నంతో వేస్తే మందు ఒంట్లోకి మోతాదు మించి చేరుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. కాళ్లు హఠాత్తుగా బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం, విరేచనం అదుపు తప్పినా వెన్నెముకలోని క్యాన్సర్ వెన్నుపామును నొక్కుతోందేమో అని అనుమానించాలి. అప్పాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. గంటలు గడిచేకొద్దీ మళ్లీ నడిచే అవకాశం తగ్గిపోతుంది.

ఇక నొప్పి. ‘ఈ వయసులో ఓర్చుకోవాలి’ అనే మాట వెంటనే మానేయాలి. ఒక్కసారి ఇచ్చే రేడియేషన్‌తోనే చాలామందికి ఎముక నొప్పి తగ్గుతుంది. మార్ఫిన్ మాత్రలంటే వ్యసనమవుతుందని ఇంటివాళ్లు భయపడతారు. డాక్టర్ పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి వాడేవారిలో అలా జరగడం అరుదు. మలబద్ధకం మాత్రం దాదాపు తప్పదు కాబట్టి దానికీ మొదటినుంచే మందు ఇవ్వాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఏళ్లతరబడి ఈ మాత్రలు దొరకడం కష్టమైంది. 2014 సవరణతో ఆ నిబంధనలు సడలాయి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించేందుకే ప్రత్యేక పాలియేటివ్ విభాగం ఉంది. అక్కడికి వెళ్లడమంటే ఆశ వదులుకోవడం కాదు. క్యాన్సర్ చికిత్స సాగుతుండగానే వెళ్లవచ్చు.

డాలస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో ప్రోస్టేట్ రక్తపరీక్ష గురించి ‘పీఎస్‌ఏ ఎంత వచ్చింది?’ అని అడుగుతాడు. రాత్రి మూడింటికి నాన్నను బాత్రూమ్‌కు నడిపించేది ఊళ్లోని కూతురో, డెబ్భై ఏళ్ల అమ్మో. దూరాన ఉన్నవాళ్లు నెలకు నాలుగు రాత్రులకైనా మనిషిని పెట్టించగలిగితే, అంకెలు అడగడం కన్నా అది ఎక్కువ సాయం.

ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో జన్యువుల ద్వారా వస్తుంది. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉంటే కొడుకులకు ప్రోస్టేట్ క్యాన్సర్, కూతుళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. అందుకే డాక్టర్లు కుటుంబ చరిత్ర అడుగుతారు. నాయనమ్మ దేనితో పోయింది, చిన్నవయసులోనే పోయిన మేనత్తకు వచ్చిన గడ్డ ఎక్కడ అన్నవి ఆ ఇంట్లో ఇప్పుడు నాన్నకు మాత్రమే తెలుసు.