మీ ఇంట్లో ఎవరికి ఏ పుస్తకం ఇష్టం?

మా నానా పోయిన ఏడాది తర్వాత ఆయన ఇల్లు ఖాళీ చేశాం. ట్రంకుపెట్టె నిండా ఉర్దూ పుస్తకాలు, పాత రిసాలాలు ఉన్నాయి. వాటిలో ఏది నవల, ఏది షాయరీ అని చెప్పగలిగినవాళ్ళు ఆ రోజు ఇంట్లో లేరు. అమ్మీకి ఉర్దూ చదవడం వచ్చు గానీ కళ్ళు ఆనవు. మేమంతా తెలుగు మీడియం. మా పిల్లలది ఇంగ్లీషు మీడియం. ఖురాన్ షరీఫ్, దుఆల పుస్తకాలు అదబ్‌గా పక్కన పెట్టి, మిగతావి పాత కాగితాలు కొనే అతనికి తూకానికి ఇచ్చేశాం.

కొన్నాళ్ళకు ఒక వలీమాలో నానా దోస్తు ఒకాయన కలిశారు. "మీ నానాకు మఖ్దూమ్ అంటే ప్రాణం. ఆ పుస్తకం మీ దగ్గరుందా బేటా?" అని అడిగారు. నానాకు మఖ్దూమ్ ఇష్టమన్న సంగతే మాకు తెలియదు. ముప్పై ఏళ్ళు ఆయన పక్కనే కూర్చుని అన్నం తిన్నాం, ఒక్కసారి కూడా అడగలేదు.

ఇలాంటిది మా ఒక్క ఇంట్లోనే జరిగిందని అనుకోను. మనలో చాలా ఇళ్ళల్లో మాట్లాడేది ఉర్దూ, అదీ మన దక్కనీ. బడిలో చదివేది తెలుగో ఇంగ్లీషో. ఉర్దూ చెవికి తెలుసు, కంటికి తెలియదు. అందుకే పెద్దవాళ్ళ పుస్తకాలు పిల్లలకు మూసిన తలుపుల్లా ఉంటాయి. ఇటు పిల్లల తెలుగు వాచకం తిరగేస్తే అందులో ఖాలా ఉండదు, ఫుప్పూ ఉండదు, సహరీకి లేపే దాదీ ఉండదు. "పుస్తకాల్లో ఉండేది వేరేవాళ్ళ ఇల్లు" అని పిల్లలు అనుకుంటే తప్పు వాళ్ళది కాదు.

కానీ ఆ మాట నిజం కాదు. మన ఇల్లు తెలుగు పుస్తకాల్లో ఉంది. మనం కొని ఇంటికి తేలేదు, అంతే.

తెలుగు అక్షరాల్లో మన ఇళ్ళు

పిల్లలతో మొదలుపెట్టాలంటే మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' తీసుకోండి. 1999లో పుస్తకంగా వచ్చింది. నెల్లూరు జిల్లా మాటలో, చిన్నపిల్లాడి నోటితో చెప్పిన కథలు. పేదరికం ఉంటుంది, తిట్లుంటాయి, నవ్వు కూడా అంతే ఉంటుంది. ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు వినడానికి భలే బాగుంటాయి. ఆయనదే 'న్యూ బాంబే టైలర్స్' అనే కథ ఉంది. రెడీమేడ్ బట్టలు వచ్చాక ఊళ్ళో మంచి దర్జీ పరిస్థితి ఏమైందో చెబుతుంది. మనోళ్ళలో ఎన్ని ఇళ్ళు కుట్టుమిషను మీద బతికాయో తెలిసినవాళ్ళకు ఆ కథ వేరే వివరించక్కర్లేదు.

కడప జిల్లా నుంచి వేంపల్లి షరీఫ్ ఉన్నారు. ఆయన కథల పుస్తకం 'జుమ్మా'కు 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. 2007 మే నెలలో హైదరాబాద్ మక్కా మసీదులో, శుక్రవారం నమాజు వేళ జరిగిన పేలుడు మన తల్లుల మనసుల్లో ఎలాంటి భయం నింపిందో ఆ పుస్తకం పేరుగల కథలో కనిపిస్తుంది.

తెలంగాణ పల్లెల ముస్లిం బతుకు చూడాలంటే నల్గొండ జిల్లాకు చెందిన స్కైబాబ కథలు 'అధూరె' చదవండి. చాలామంది రచయితల ముస్లిం కథలను ఒకచోట చేర్చి 2004లో 'వతన్' సంకలనం తెచ్చింది కూడా ఆయనే. ఎవరి రచన నచ్చుతుందో ముందే తెలియనివాళ్ళకు అలాంటి సంకలనం మంచిది. ఒక కథ నచ్చకపోతే ఇంకోటి ఉంటుంది.

నవలలు ఇష్టమైతే సయ్యద్ సలీం ఉన్నారు. హెచ్ఐవీ సోకినవాళ్ళ జీవితం మీద రాసిన 'కాలుతున్న పూలతోట'కు 2010లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ముస్లిం కుటుంబాల గురించి ఆయన రాసిన నవల 'వెండిమేఘం'. కవిత్వంలో అఫ్సర్, యాకూబ్ పేర్లు తెలుగు సాహిత్యంలో అందరికీ తెలిసినవే. షాజహానా 'నఖాబ్' మన ఆడవాళ్ళ లోపలి మాటను వాళ్ళ నోటితోనే చెప్పిన కవితల పుస్తకం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఈ పుస్తకాలన్నీ మనల్ని మెచ్చుకోవడానికి రాసినవి కావు. కట్నాల గురించి, తలాక్ గురించి, ఆడపిల్లల చదువు ఆపడం గురించి మన రచయితలు గట్టిగానే అడిగారు. ఇంట్లో పెద్దవాళ్ళకు కొన్ని నచ్చకపోవచ్చు, కొన్ని చోట్ల వాళ్ళు చెప్పే అభ్యంతరంలో న్యాయం కూడా ఉండొచ్చు. చిన్నపిల్లలకు ఇచ్చే ముందు అమ్మో నాన్నో ఒకసారి చదవండి. పెద్ద పిల్లలకైతే ఇచ్చి, తర్వాత కూర్చుని మాట్లాడండి. దాచిపెట్టిన పుస్తకం కన్నా మాట్లాడుకున్న పుస్తకం మంచిది.

పెద్దవాళ్ళ ఉర్దూ పుస్తకాలు ఎలా?

లిపి రాకపోతే ఉర్దూ మొత్తం పోయినట్టు కాదు. చెవి ఉంది కదా. మఖ్దూమ్ మొహియుద్దీన్ (1908-1969) మన మెదక్ ప్రాంతపు ఆందోల్‌లో పుట్టినవారు. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పారు, తెలంగాణ పోరాటంలో నిలబడ్డారు. 'బిసాతె రక్స్' పుస్తకానికి 1969లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. 1982లో వచ్చిన 'బాజార్' సినిమాలో లతా మంగేష్కర్, తలత్ అజీజ్ పాడిన గజల్ ఆయనదే. మీ పిల్లలకు ముందు ఆ పాట వినిపించండి. ఆ తర్వాత కవి పేరు చెప్పండి.

జీలానీ బానో హైదరాబాదులో ఉండి రాసిన కథకురాలు. పాత జాగీర్దారీ ఇళ్ళు ఎలా చెదిరిపోయాయో ఆమె నవల 'ఐవానె గజల్'లో ఉంటుంది. ఆమె కథ ఒకదాని పేరు 'నర్సయ్యా కీ బావ్డీ'. ఉర్దూ కథ, అందులో మన తెలుగు నర్సయ్య! శ్యామ్ బెనెగల్ 'వెల్ డన్ అబ్బా' సినిమాకు ఆధారమైన కథల్లో అదొకటి. ప్రభుత్వం ఇచ్చిన బావి కాగితాల మీదే ఉండి, నేల మీద లేకపోవడం ఆ సినిమా కథ. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు.

నవ్వుకోవాలంటే ముజ్తబా హుస్సేన్ (1936-2020) ఉన్నారు. సియాసత్ పత్రికలో ఆయన హాస్యం కోసం ఎదురుచూసిన పాఠకులు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. జపాన్ ప్రయాణం మీద ఆయన రాసిన పుస్తకం మీ దాదానో నానానో అడిగితే గుర్తు చేసుకుంటారేమో చూడండి. ఇక సులేమాన్ ఖతీబ్ రాసింది అచ్చమైన దక్కనీలో. అత్తాకోడళ్ళ మీద ఆయన నజ్మ్ వింటే అర్థం చెప్పాల్సిన పని ఉండదు, అది మన వంటింటి భాషే.

గాలిబ్‌ను తెలుగులో చదవాలంటే దాశరథి కృష్ణమాచార్య 'గాలిబ్ గీతాలు' ఉంది. ఉర్దూ బాగా తెలిసిన తెలుగు కవి చేసిన పని అది. తాతకు గాలిబ్ ఉర్దూలో వచ్చు, మనవరాలికి తెలుగు వచ్చు. ఆ పుస్తకం ఇద్దరి మధ్యా పెడితే ఒక సాయంత్రం సులువుగా గడిచిపోతుంది.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ఒక ఆదివారం భోజనాలయ్యాక, దస్తర్‌ఖాన్ ఎత్తకముందే ఒక్క ప్రశ్న అడగండి: "మీకు ఇష్టమైన పుస్తకం ఏది?" ముందు ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళకు ఇక ఎంత సమయం ఉందో మనకు తెలియదు కాబట్టి వాళ్ళదే మొదటి వంతు.

"నేనేం చదువుకున్నాను బేటా" అని నానీ అనొచ్చు. అలా అంటే అక్కడితో వదలొద్దు. "ఎవరైనా చదివి వినిపించింది గుర్తుందా? పెళ్ళిలో పాడిన పాట? చిన్నప్పుడు విన్న కహానీ?" అని అడగండి. చదవడం రాని మనిషికి కూడా ఇష్టమైన రచన ఒకటి ఉంటుంది.

ఇంకో మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి.

1. ఎవరు ఏ పుస్తకం పేరు చెప్పినా నవ్వొద్దు. పిల్లాడు కామిక్ పేరు చెబితే అదీ పుస్తకమే. ఖాలా వారపత్రిక సీరియల్ పేరు చెబితే అదీ పుస్తకమే.

2. పుస్తకం పేరుతో సరిపెట్టకండి, ఎందుకు ఇష్టమో అడగండి. అసలు సంగతి అక్కడే బయటికొస్తుంది. ఎవరిచ్చారు, ఎప్పుడు చదివారు, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతోంది, అన్నీ దాంతోపాటే వస్తాయి.

3. చెబుతున్నప్పుడు ఫోన్లో రికార్డు చేయండి. ఉర్దూ మాటే అయినా తెలుగు అక్షరాల్లో రాసి పెట్టండి. ఇంట్లో ఉర్దూ పుస్తకాలుంటే ఒక్కో అట్ట ఫోటో తీసి, పెద్దవాళ్ళతో పేరు చదివించి, చిన్న చీటీ మీద తెలుగులో రాసి లోపల పెట్టండి. మేం ఈ పని ముందే చేసి ఉంటే ఆ పెట్టె తూకానికి వెళ్ళేది కాదు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

అన్నీ కొనక్కర్లేదు. హైదరాబాదులో ఉంటే అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది, ఉర్దూ, తెలుగు రెండూ ఉంటాయి. పంజాగుట్ట దగ్గర ఇదారె అదబియాతె ఉర్దూ ఉంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతకడం పిల్లలకు తిరనాళ్ళలాగే ఉంటుంది. విజయవాడ, హైదరాబాదుల్లో జరిగే పుస్తక ప్రదర్శనల్లో మన రచయితల పుస్తకాలు అడిగి తీసుకోండి. అడిగేవాళ్ళుంటేనే స్టాల్లో పెడతారు.

జిల్లాల్లో ఉండేవాళ్ళు, గల్ఫ్‌లో ఉండేవాళ్ళు ఫోన్లోనే చాలా చదువుకోవచ్చు. రేఖ్తా వెబ్‌సైటులో ఉర్దూ పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు. షాయరీని ఇంగ్లీషు, హిందీ అక్షరాల్లో కూడా ఇస్తారు. తెలుగు కథల కోసం కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉంది. దాని వెబ్‌సైటులో రచయిత పేరుతో వెతకొచ్చు.

నానా విషయంలో ఆలస్యమైంది కదా అని, ఆ వలీమా నుంచి వచ్చిన వారమే అమ్మీని అడిగాను. కాసేపు ఊరుకుని, సులేమాన్ ఖతీబ్ పేరు చెప్పింది. నానా వరండాలో కూర్చుని చదువుతుంటే తను బియ్యం ఏరుతూ వినేదట. గుర్తున్నంత వరకు చెప్పింది. మధ్యలో మరిచిపోయింది, మళ్ళీ అందుకుంది. పిల్లలు పడిపడి నవ్వారు. ఒక్క మాటకు కూడా అర్థం అడగలేదు.

మా పెద్దోడు దాన్ని నోటుపుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. పైన "నానీ చెప్పింది, నానా దగ్గర విన్నది" అని రాసి, కింద తేదీ వేశాడు.