బొమ్మలేస్తే కూడొస్తుందా?

ఆర్ట్స్‌లో చేరతానంటే చాలా ఇళ్లలో ఎదురయ్యే ప్రశ్నే ఇది. జవాబు కావాలంటే ఒకసారి ఫోర్ట్ కొచ్చి వైపు చూడండి.

ఒకప్పుడు మిరియాలు, కొబ్బరినూనె వ్యాపారం సాగిన ఆస్పిన్‌వాల్ హౌస్ అక్కడుంది. రెండేళ్లకోసారి జరిగేలా 2012లో కేరళ ప్రభుత్వ నిధుల అండతో మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలే కళా ప్రదర్శనకు అదే ప్రధాన వేదికైంది. వచ్చినవాళ్లు బొమ్మలు చూసి ఊరుకోరు కదా! ఆటో ఎక్కుతారు, హోమ్‌స్టేలో దిగుతారు, హోటల్లో తింటారు. వేదిక మీద పెట్టిన డబ్బు అలా వీధంతా తిరుగుతుంది.

లైటింగ్, సౌండ్, వడ్రంగం, డిజైన్, వచ్చినవాళ్లకు వివరించే గైడ్... తెర వెనుక కొలువులూ తక్కువేం కాదు.

అయితే నిర్వహణ గాడి తప్పితే అందరికీ దెబ్బే. 2022లో డిసెంబరు 12న మొదలవ్వాల్సిన బినాలే నిర్వహణ ఇబ్బందులతో 23కి వాయిదా పడింది. అందుకే నిధులు ఇస్తే చాలదు, వేళకు అందాలి.

మన ఊళ్లలోని కళాక్షేత్రాలకూ ఇదే లెక్క. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. అలాంటి కోర్సు చేసినవాళ్లు సొంతూళ్లో నిలబడాలంటే అక్కడో వేదిక నడుస్తుండాలి. పని నేర్చుకోవడం మీ వంతు, వేదిక తలుపులు మూతపడకుండా చూడటం ఊరి వంతు.