గాలిని తూచు కాటాకు ముద్ర

ధాన్యమును కొనుగోలు కేంద్రమునకు తోలుకొనిపోయిన రైతు మొదట చూచునవి రెండు వస్తువులు. ఒకటి కాటా, రెండవది తేమను కొలుచు యంత్రము. కాటాకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర యున్నదా లేదా యని మన సభ్యులలో పెద్దలు వంగి చూతురు. తేమ నూటికి 17 పాళ్లకు మించినట్లు యంత్రము చూపినచో, రాశిని మరల ఎండబెట్టవలసినదే. యంత్రము ఒక్క పాలు ఎక్కువ చూపినను రైతునకు రెండు దినముల కూలి నష్టము. కాబట్టి కొలిచెడు సాధనమునకు ముద్ర వేయువారెవరు, ఏ పరీక్ష చేసి వేసిరి అను ప్రశ్న మనకు క్రొత్తది కాదు.

ఇట్టి ప్రశ్నయే నేడు గాలి విషయమున పుట్టియున్నది. పట్టణముల కూడళ్లయందలి వెలుగు పలకలమీదను, సెల్‌ఫోనులయందును "నేటి గాలి యింత" యని అంకెలు కనబడుచున్నవి. పొగగొట్టముల ప్రక్క పొలములుగలవారు అట్టి అంకెలను చూపి మొరపెట్టుకొనుచున్నారు. కోత ముగిసిన పిదప గడ్డి తగులబెట్టిన రైతును పట్టణవాసులు ఆ అంకెలను చూపియే నిందించుచున్నారు. ఒకమారు మనకు సాక్షిగాను, మరియొకమారు మనమీద ఫిర్యాదిగాను నిలుచు ఆ అంకెను పుట్టించిన యంత్రము నమ్మదగినదో కాదో తెలిసికొనుట సభ్యులందరకు అవసరము.

గాలిలోని ధూళిని తూచు విధము

గాలిలో తేలెడు ధూళి యంతయు ఒకే తీరుగ హాని చేయదు. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. రెండున్నర మైక్రానులకు మించని సన్ననిధూళి ముక్కునందు గాని గొంతునందు గాని నిలువక ఊపిరితిత్తుల లోతునకు దిగిపోవును. దీనినే పి.యం. 2.5 అని వ్యవహరింతురు. మన తలవెండ్రుక మందములో అది సుమారు ఇరువది, ముప్పదవ వంతు మాత్రమే.

దీనిని కొలుచుటకు మూలమైన పద్ధతి వట్టి తూనికయే. ఒక పంపు నిమిషమునకు 16.67 లీటర్ల చొప్పున గాలిని పీల్చును. ప్రవేశద్వారమునందే ముతకధూళి వేరుపడి, సన్ననిధూళి ఒక పలుచని వడపోత బిళ్లమీద నిలుచును. ఒక అహోరాత్రములో 24 ఘనమీటర్ల గాలి ఆ బిళ్లగుండ పోవును. బిళ్లను ముందును వెనుకను తూచి, హెచ్చిన బరువును గాలి పరిమాణముచే భాగింతురు.

గ్రామునందు పదిలక్షలవ వంతును మైక్రోగ్రాము అందురు. మన దేశమునందు సన్ననిధూళికి ఒక దినపు హద్దు ఘనమీటరునకు 60 మైక్రోగ్రాములు. ఆ హద్దుననున్న గాలిని దినమంతయు పీల్చినచో బిళ్లమీద చేరునది 1.44 మిల్లీగ్రాములు. ఒక వడ్లగింజ సుమారు 20 మిల్లీగ్రాములు తూగునని యనుకొన్నచో, ఇది గింజలో పదునాలుగవ వంతు మాత్రమే. ఇంత స్వల్పమైన బరువుమీద, గాలి మంచిదా చెడ్డదా యను తీర్పు ఆధారపడియున్నది.

మంచు పడిన తెల్లవారుజామున కట్టిన గడ్డిమోపు మధ్యాహ్నపు మోపుకంటె బరువుగా నుండునని మనమెరుగుదుము. వడపోత బిళ్లయు అంతే. కనుకనే అమెరికా దేశపు నిబంధనలలో, తూచుటకు ముందు బిళ్లను 20 మొదలు 23 డిగ్రీల వేడియు, నూటికి 30 మొదలు 40 పాళ్ల తేమయు గల గదిలో కనీసము ఒక అహోరాత్రము ఉంచవలెనని విధించిరి.

ఈ పద్ధతికి ఓర్పు, మనుష్యుడు, గది కావలెను. ఫలితము కొన్ని దినములకు గాని రాదు. గంటగంటకు అంకె కావలసినచోట స్వయముగా పనిచేయు యంత్రములను నిలుపుదురు. వీనిలో కొన్ని ధూళిపొరగుండ బీటా కిరణములను పంపి, అవి యెంత తగ్గినవో చూచి బరువును ఊహించును. మరికొన్ని ధూళిమీద వెలుతురు చెదరుటనుబట్టి లెక్క కట్టును. ఇవి బరువును సూటిగా తూచవు, వేరొక గుణమునుండి బరువును రాబట్టును. అందువలన వీనిని మూలపద్ధతి ప్రక్కన నిలిపి పోల్చిచూడనిదే నమ్మరాదు.

అమెరికావారి ఏర్పాటు

ఇట్లు పోల్చి ముద్ర వేయుటకు పకడ్బందీయైన ఏర్పాటు చేసినవారిలో అమెరికావారొకరు. అచ్చటి పర్యావరణ పరిరక్షణ సంస్థ 1970లో ఏర్పడెను. 1971లో దేశమంతటికి గాలిప్రమాణములను ప్రకటించెను. 1975లో యంత్రముల పరీక్షకు నిబంధనలు చేసెను. వాని ప్రకారము మూలప్రమాణ పద్ధతి యొకటి, దానికి సమానమైన పద్ధతి యొకటి యని రెండు తరగతులు కలవు.

సన్ననిధూళిని స్వయముగా కొలుచు క్రొత్త యంత్రమును తయారుచేసినవాడు దానిని ఒక గదిలో పరీక్షించి తెచ్చిన చాలదు. తన యంత్రములు మూడింటిని, మూలపద్ధతి యంత్రములు మూడింటిని ప్రక్కప్రక్కన నిలుపవలెను. కాలిఫోర్నియా ప్రాంతము, పడమటి కొండల నగరములు, మధ్యప్రాంతము, తూర్పుతీరము, ఇట్లు గాలియు శీతోష్ణములును వేరువేరుగానుండు చోటులయందు పోలిక జరుగవలెను. ఎండకాలము, చలికాలము రెండును పరీక్షలోనికి వచ్చును. ఒకదానికొకటి నూటికి పదిపాళ్లకు లోబడిన తేడాతో సరిపోలవలెను.

తయారుదారు దరఖాస్తు పెట్టిన పిదప సంస్థ పరిశీలించి, ముద్రయీయ దలచినచో ఫెడరల్ రిజిస్టరు అను ప్రభుత్వ గెజిటునందు ఆ యంత్రపు పేరును, మాదిరిసంఖ్యను, ఏ ఏర్పాట్లతో నడుపవలెనో ఆ వివరములను ప్రకటించును. ముద్ర ఆ ఏర్పాట్లకే చెల్లును. లోపలి భాగమును మార్చినను, చెప్పిన తీరున గాక వేరొక తీరున నడిపినను అది ముద్రపడిన యంత్రముగా ఎన్నబడదు.

ముద్రపడిన పద్ధతియే తప్పినపుడు

ప్రభుత్వముద్ర పడినంతమాత్రమున సాధనము దోషరహితమని నమ్మి ఊరకుండరాదని చూపు ఒక వృత్తాంతము ఆ దేశముననే జరిగినది. 1971లో నత్రజని డయాక్సైడు అను వాయువును కొలుచుటకు జేకబ్స్, హాక్‌హైజర్ అనువారి పేర నున్న పద్ధతిని మూలప్రమాణముగా స్వీకరించిరి. గాలిని ఒక ద్రావకముగుండ పంపి, అందు చిక్కిన వాయువును రంగును బట్టి లెక్కించుట ఆ పద్ధతి. ద్రావకము ఎల్లప్పుడును వాయువులో ఒకే పాలును పట్టుకొనునని తలచి లెక్కలు కట్టిరి.

పిదప శోధింపగా, గాలిలో ఆ వాయువు కొంచెముగా నున్నపుడు ద్రావకము ఎక్కువ పాలును, మిక్కుటముగా నున్నపుడు తక్కువ పాలును పట్టుకొనుచున్నదని తేలెను. అనగా కుంచము చిన్నరాశిని పెద్దదిగాను, పెద్దరాశిని చిన్నదిగాను చూపుచుండెను. మంచిగాలి గల ఊరు చెడ్డదిగా, చెడ్డగాలి గల ఊరు అంత చెడ్డది కానట్లుగా లెక్కకు వచ్చెను. 1973లో ప్రభుత్వమువారు ఆ పద్ధతిని ఉపసంహరించిరి. ఆ అంకెలను నమ్మి, కఠినమైన అదుపు కావలెనని ఎంచిన పెక్కు ప్రాంతములను మరల వర్గీకరింపవలసివచ్చెను. 1976లో వేరొక పద్ధతిని మూలప్రమాణముగా ప్రకటించిరి.

పరీక్ష వివరములు బహిరంగముగా నుండుటచేతనే తప్పు బయటపడెను. తప్పు తెలిసిన పిదప దానిని గెజిటునందే ఒప్పుకొనిరి. ద్రావకమున సోడియం ఆర్సెనైటును చేర్చి సవరించిన పద్ధతి నేటికిని మన దేశపు ప్రమాణ ప్రకటనయందు నత్రజని డయాక్సైడునకు చెప్పిన పద్ధతులలో నొకటియై యున్నది.

మన దేశమునందలి స్థితి

మన దేశమునందు గాలికాలుష్య నివారణ చట్టము 1981లో వచ్చెను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 నవంబరు 18వ తేదీని పండ్రెండు పదార్థములకు హద్దులను ప్రకటించెను. ఆ ప్రకటనలో రైతులు గుర్తుంచుకొనవలసిన మాట యొకటి కలదు. పరిశ్రమల ప్రాంతములతోను, నివాస ప్రాంతములతోను సమానముగా గ్రామప్రాంతములును పేరుపెట్టి చెప్పబడినవి. పట్టణమునకొక హద్దు, పల్లెకొక హద్దు అను భేదము లేదు. ప్రతి పదార్థమును ఏ పద్ధతిచే కొలువవలెనో ఆ ప్రకటనయందే కలదు. ఒక్కొక్క చోట సంవత్సరమునకు కనీసము 104 దినముల కొలతలు, వారమునకు రెండుమార్లు చొప్పున తీసి సగటు కట్టవలెను. దినపు హద్దును నూటికి రెండు పాళ్ల కాలము దాటినను సహింతురు గాని, కొలతలో వరుసగా రెండు దినములు దాటరాదు.

అయితే కొలుచు యంత్రములకు ముద్ర వేయు ఏర్పాటు మన దేశమున చాలకాలము లేకుండెను. అమెరికా సంస్థవారో, జర్మనీ పరీక్షకులో అంగీకరించిన యంత్రములనే ఇచ్చట కొనుచు వచ్చిరి. లాస్ ఏంజిల్సు గాలిలో సరిపోలిన యంత్రము మన రోహిణీకార్తె ఎండలోను, శ్రావణమాసపు తేమలోను, తూర్పారపట్టు దినముల దుమ్ములోను అట్లే సరిపోలునా యను సందేహము సహజము. 2019 ఆగష్టులో కేంద్ర ప్రభుత్వము ఢిల్లీయందలి జాతీయ భౌతిక ప్రయోగశాలను ఇట్టి యంత్రములను పరీక్షించి ధ్రువపరచు సంస్థగా నియమించెను. మన కిలోగ్రామునకును మీటరునకును జాతీయ ప్రమాణములను కాపాడుచున్నది ఈ ప్రయోగశాలయే. పర్యావరణ ప్రమాణముల ప్రయోగశాలకు 2021 జనవరి 4వ తేదీని శంకుస్థాపన జరిగెను. ధాన్యపు కాటాకు మూలమైన బరువును కాచు ఇంటనే గాలికాటాకును ముద్ర దొరకుట సముచితము.

ఇక కొలత లేనిచోట ఏమగునో చూడవలెను. 2019లో ఆరంభమైన జాతీయ శుద్ధవాయు కార్యక్రమమునందు ప్రమాణములకు అందని నగరముల పట్టిక సిద్ధమయ్యెను. దానిలో ఆంధ్రప్రదేశ్ నగరములు 13. కొలతలు తీసినందుననే ఆ పేర్లు పట్టికకెక్కినవి. యంత్రమే లేని పల్లె ఎంత పొగలో నున్నను పట్టికలోనికి రాజాలదు. పట్టణపు వాహనములనుండి వెలువడిన వాయువులు ఎండలో మార్పుచెంది ఓజోనుగా గాలివాలున పొలములమీదికి వచ్చును. ఇది గోధుమవంటి పంటల దిగుబడిని తగ్గించునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. బొగ్గుపొగలోని గంధక డయాక్సైడు మిక్కుటమైనచో ఆకుల ఈనెలనడుమ తెల్లబారును. కంటికి కనబడు ఈ నష్టమునకును అంకె లేనిదే నష్టపరిహారపు విచారణలో బలము చాలదు.

మన చేతి పొగ

న్యాయమడుగువారు తమ లెక్కను కూడ చూపవలెను. కోతయంత్రములు వచ్చిన తరువాత పొలముననే గడ్డిని తగులబెట్టు అలవాటు వరిప్రాంతములలో పెరిగినది. ఢిల్లీ పరిసర రాష్ట్రములలో 2024 నవంబరునందు దీనికి పరిహారపు సొమ్మును రెట్టింపు చేసిరి. రెండెకరముల లోపువారికి 5,000 రూపాయలు, రెండు మొదలు అయిదెకరముల లోపువారికి 10,000, అంతకు మించినవారికి 30,000 రూపాయలు విధించిరి. మంటలను ఆకాశమునుండి ఉపగ్రహములు కనిపెట్టుచున్నవి. ఆ పొగ పట్టణపు గాలిలో ఎంత పాలు చేరెనో తేల్చుటకు మాత్రము నేలమీది యంత్రములే దిక్కు. మంచి యంత్రములున్నచో మనమీద మోపదగినంత మాత్రమే మోపబడును. వాహనములకును కర్మాగారములకును చెందిన పాలు వాని లెక్కలోనికే పోవును.

సభ్యులు అడుగవలసినవి

ఏ పలకమీదనైనను గాలి అంకెను చూచినపుడు ఈ క్రింది సంగతులను విచారింపుడు.

మొదటిది, ఆ అంకె మైక్రోగ్రాములా, వాయునాణ్యతా సూచియా? 2015 మొదలు వాడుకలోనున్న సూచి వేరు, తూనిక వేరు. సన్ననిధూళి 60 మైక్రోగ్రాములైనపుడు సూచి 100 చూపును.

రెండవది, యంత్రము ఏ పద్ధతిది? ఎవరు పరీక్షించిరి? వెలుతురును బట్టి లెక్కించు చిన్న పరికరములు చవుకగా దొరకుచున్నవి. కాలువగట్ల మంచులో ధూళి తేమపీల్చి ఉబ్బినపుడు ఇవి అధికముగా చూపును. పొగ ఏ వేళ హెచ్చుచున్నదో తెలిసికొనుటకు ఇవి పనికివచ్చును గాని, విచారణయందు సాక్ష్యమునకు చాలవు.

మూడవది, యంత్రమును ఎచ్చట నిలిపిరి? చెట్టుక్రింద గాని, గోడమూలను గాని, బస్సుల నిలుపుచోటున గాని నిలిపిన యంత్రము ఊరంతటి గాలిని చెప్పజాలదు.

నాలుగవది, కడపటిమారు సరిచూచినది ఎన్నడు? దినములో ఎన్ని గంటల కొలత యున్నది? మన సూచి నిబంధన ప్రకారము దినపు సగటునకు కనీసము 16 గంటల కొలత ఉండవలెను.

ఈ వివరములను 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము ఏ పౌరుడైనను అడుగవచ్చును. ఒక్క రైతు వ్రాసిన అర్జీకంటె సంఘము తీర్మానించి పంపిన అర్జీకి బరువెక్కువ. పొగగొట్టముల చేరువనున్న సంఘములు రాబోవు మహాసభయందు ఈ విషయమును చర్చకు పెట్టి, తమ గ్రామమున ముద్రపడిన యంత్రముతో కొలతలు తీయవలసినదని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తీర్మానము పంపుట మంచిది. దొంగకాటాను కళ్లమునుండి తరిమివేయుటకు సంఘములు పెట్టుకొన్న రైతులకు ఈ పని అసాధ్యము కాదు.