కలబంద తోటలకు కుళ్లు తెగులు

నీరు చాలక పైరు చెడుట రైతులందఱకు తెలిసిన విషయమే. కాని ఆకులయందును, కాండములయందును నీరు దాచుకొను మొక్కలకు నీ రెక్కువగుటయే ప్రాణాంతకము. కలబంద, డ్రాగన్ పండు, కిత్తనార, నాగజెముడు, పట్టణములలో కుండీలయందు పెంచు జేడ్ మొక్క ఇట్టివే. కలబంద నాటిన సభ్యులకు వర్షాకాలమే గండకాలము గనుక ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

హైదరాబాదునందలి తార్నాకయు, దాని నానుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణమును రాతినేలలు. అట్టి నేలపై బడిన వాననీరు నిలువక జారిపోవును. రాతి సందున పిడికెడు మట్టిలో జెముడు ఏండ్ల తరబడి బ్రదుకును. ఆ ప్రాంతముననే మేడపై, అడుగున రంధ్రము లేని కుండీలో, దినదినము నీరు పోసి పెంచిన జేడ్ మొక్క ఒక్క వానకాలములో కుళ్లి కూలును. దక్షిణాఫ్రికా మెట్టగుట్టలలో పుట్టిన మొక్కకు అంత నీ రెందులకు? పొలమున నీరు నిలిచిన మడియు రంధ్రము లేని కుండీ వంటిదే.

కారణ మేమనగా, వేళ్లకు నీటితోపాటు గాలియు కావలెను. మట్టి సందులన్నియు నీటితో నిండినయెడల వేళ్లు ఊపిరాడక చచ్చును. చచ్చిన వేళ్లలో పిథియం, ఫైటోఫ్తోరా, ఫ్యుజేరియం అను సూక్ష్మజీవులు ప్రవేశించును. గాయములగుండ బాక్టీరియా చొచ్చినచో ఆకు మెత్తబడి, నీరు కారి, దుర్గంధము కొట్టును. మొదట అడుగు ఆకులు పసుపు వన్నెకు తిరిగి వ్రేలాడును, మొదలు నల్లబడును. ఇచ్చటనే రైతు మోసపోవుచున్నాడు. వాడిన ఆకును జూచి దాహమని తలచి మరల నీరు పెట్టును. వాడిన మొక్క క్రింద మట్టిని నాలుగు అంగుళములు త్రవ్వి చూడుడు. తడి యున్నయెడల అది దాహము కాదు, కుళ్లు.

కుళ్లు మొదలైన మొక్కను పెరికి, మట్టి దులిపి, చెడిన భాగమును తెల్లని కండ కనబడువఱకు కోసివేయవలెను. ప్రతి కోతకు కత్తిని స్పిరిటుతో తుడువవలెను. కోసిన మొక్కను కొన్ని దినములు నీడన ఆరబెట్టి, గాయము ఎండి పొర కట్టిన పిమ్మట ఇసుక కలిపిన పొడిమట్టిలో నాటి, వారము దినములు నీరు పోయక యుండవలెను. మొవ్వు వఱకు కుళ్లినదానికి చికిత్స లేదు. దానిని తగులబెట్టవలెనే గాని పెంటకుప్పలోను, కాలువలోను వేయరాదు. ప్రక్క మొక్కల మొదళ్లలో, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి పోయవచ్చును. ఈ మందు కావలి వంటిదే గాని చచ్చినదానిని బ్రదికింపదు.

రాకముందు చేయు పనియే మేలైనది. జూను మాసమునకు ముందే ఎత్తైన కట్టలు పోసి మురుగుకాలువలు తీయవలెను. చెలక నేల అనుకూలము. నీరు నిలుచు రేగడి నేల తగదు. 90 కిలోల పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి ఆరకుండ కొన్ని దినములు నీడన మాగబెట్టి వేసినయెడల నేలలోని శిలీంధ్రములు అణగును. వాన కురియునపుడు ఆకులు కోయరాదు. పార తగిలి మొదలు గాయపడకుండ చూచుకొనవలెను.

ఇక సంఘమునకు సంబంధించిన మాట. కలబంద పిలకలవలన వ్యాపించును; తెగులును పిలకలతోనే ప్రయాణము చేయును. కలబందకు ప్రసిద్ధి కెక్కిన అరూబా ద్వీపమున తోటలను కుళ్లించినది ఎర్వీనియా అను బాక్టీరియా యని 1994లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తెగులు తగిలిన తోటనుండి ఒక్క బండెడు పిలకలు తెచ్చి పది మంది పంచుకొన్నచో, పది తోటలకు తెగులు పంచుకొన్నట్లే. కావున సభ్యులు పిలకలను ఒక్కటిగా కొని, పంచుటకు ముందు ప్రతిదాని మొదలును పరీక్షించి, మెత్తనిదానిని ఏరివేయవలెను. తన తోటలో తెగులు కనబడినవాడు దాచక ఇరుగుపొరుగు వారికి తెలుపవలెను. ఒకని మౌనము పదుగురి నష్టమగును.