కార్టిసాల్ మితిమీరితే

మన మూత్రపిండాలమీద టోపీల వలె రెండు చిన్న గ్రంథులు ఉన్నవి. వీటిని అధివృక్క గ్రంథులు అంటారు. ఒక్కొక్కటి ఇంచుమించు 5 గ్రాముల బరువు మాత్రమే. వీటి పైపొరలో తయారై నేరుగా రక్తంలో కలిసే హార్మోనులలో కార్టిసాల్ ముఖ్యమైనది. రక్తంలో చక్కెర తగ్గిపోకుండా చూడటం, రక్తపు పోటును నిలపటం, వాపును అణచటం, జబ్బుచేసినప్పుడు శరీరానికి తట్టుకొనే శక్తినివ్వటం దీని పనులు. ఇది లేనిదే మనిషి బ్రతకలేడు. అయితే అమృతమైనా మితిమీరితే విషమే గదా!

ఆ మితిని కాపాడేది మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి. ఇది ఏ.సి.టి.హెచ్. అనే హార్మోనును పంపి అధివృక్క గ్రంథులచేత కార్టిసాల్ తయారు చేయిస్తుంది. మడికి నీరు చాలగానే రైతు మడవ కట్టివేసినట్లు, రక్తంలో కార్టిసాల్ చాలినంత కాగానే ఆ ప్రేరణను తగ్గిస్తుంది. ఆరోగ్యవంతులలో కార్టిసాల్ ఉదయం హెచ్చుగాను, నడిరేయి మిక్కిలి తక్కువగాను ఉంటుంది.

ఈ కట్టడి తప్పినప్పుడు కలిగే వ్యాధిని అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ 1912లో వర్ణించి, 1932లో 12 మంది రోగుల వివరాలు ప్రకటించాడు. అతని పేరనే దానిని కుషింగ్ సిండ్రోమ్ అంటున్నారు.

కార్టిసాల్ అధికమైతే కండలలోని మాంసకృత్తులు విచ్ఛిన్నమై చక్కెర తయారీకి ఖర్చవుతవి. అందువల్ల కాళ్లూ చేతులూ సన్నబడి, కూర్చున్నచోటినుండి లేవటమే కష్టమవుతుంది. క్రొవ్వు మాత్రం ముఖాన, మెడ వెనుక, పొట్టమీద చేరుతుంది. చర్మం పలుచబడి ఊదారంగు చారలు పడతవి. కొద్దిపాటి దెబ్బకే కమిలిపోతుంది. ఎముకలు గుల్లబారతవి. రక్తపు పోటు, మధుమేహం తోడవుతవి. పిల్లలలోనైతే బరువు పెరుగుతుంది గాని ఎత్తు ఎదుగుదల మందగిస్తుంది. ఇటువంటి రోగిని చూచి ‘ఒళ్లు చేశాడు’ అని చుట్టుపక్కలవారు సంతోషించే ప్రమాదం కూడ ఉన్నది.

పీయూష గ్రంథిలోగాని, అధివృక్క గ్రంథిలోగాని, అరుదుగా ఊపిరితిత్తులలోగాని పుట్టిన కణితి దీనికి కారణం కావచ్చును. నడిరేయి లాలాజలంలోను, 24 గంటల మూత్రంలోను కార్టిసాల్‌ను కొలిచి వైద్యులు వ్యాధిని గుర్తిస్తారు. కణితి ఉన్నచోటు తెలిస్తే శస్త్రచికిత్సతో తొలగించవచ్చును. పీయూష గ్రంథి కణితిని ముక్కు మార్గాననే తీయగలుగుతున్నారు.

అయితే అన్నిటికంటె తరచుగా కనిపించే కారణం కణితి కాదు, మందు! 1948లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతపు రోగికి కార్టిసోన్ ఇచ్చి అద్భుతమైన గుణం చూపాడు. 1950లో అతనికి కెండాల్, రైక్‌స్టైన్‌లతోపాటు నోబెల్ బహుమానం లభించింది. ఆ కుటుంబానికి చెందిన ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటి మందులు నేడు ఉబ్బసం మొదలైన వ్యాధులలో ఎందరినో కాపాడుతున్నవి. అవే మందులు పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి మింగితే కుషింగ్ లక్షణాలు తెచ్చిపెడతవి.

ఇందులో మరొక చిక్కు ఉన్నది. బయటినుండి మందు అందుతున్నంతకాలం శరీరపు సొంత గ్రంథులు పని తగ్గించి కుంచించుకొనిపోతవి. అప్పుడు మందును ఒక్కసారిగా మానితే రక్తపు పోటు పడిపోయి ప్రాణానికే ముప్పు రావచ్చును. కనుక పేరు తెలియని నొప్పి మాత్రలను వాడరాదు. స్టెరాయిడ్లు వాడుతున్నవారు వాటిని తమంతట తాము మానరాదు. వైద్యుని సలహాపై మెల్లమెల్లగా తగ్గించుకోవలెను.